బొచ్చు తొడిగిన ఏనుగులు, 'ఆదిమ లక్షణాల' కొలబద్ద

పోయిన శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి మా అక్క కుటుంబం సిరుగుప్ప తాలూకా నుంచి వచ్చి, ఆ రాత్రి కౌతాళంలో మా ఇంట్లోనే ఉంది. భోజనాలయ్యాక మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లో ఒక పాత అమెరికన్ సినిమా పెట్టాడు. పేరు 'ది జంగిల్'. 1952 నాటిది. మా అబ్బాయీ, వాడూ ఒకే ఈడువాళ్లు. సినిమాలో ఏనుగులకు బొచ్చు తొడిగి, అవి లక్షల ఏళ్ల కిందటి మామత్‌లని చూపించే ఘట్టం వచ్చేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. సినిమా అయిపోయాక మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "నాయనా, ఆ మూటలు మోసేటోళ్ల పేరు ఒకటన్నా గుర్తుండాదా నీకు?"

గుర్తులేదు. వేటగాడు గుర్తున్నాడు, రాకుమారి గుర్తుంది, ఏనుగులు కూడా గుర్తున్నాయి. మూటలు మోసినవాళ్లు మాత్రం ఒక గుంపుగా మిగిలిపోయారు. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

'ది జంగిల్' గొప్ప చిత్రమేమీ కాదు. తక్కువ ఖర్చుతో వరుసగా సినిమాలు తీసి వదిలిన లిప్పర్ట్ పిక్చర్స్, సేలంలోని మోడరన్ థియేటర్స్ అధినేత టి.ఆర్. సుందరంతో చేతులు కలిపి తీసిన చిత్రం అది. తమిళంలో 'కాడు' పేరుతో వచ్చింది. దర్శకుడు విలియం బర్క్ అప్పటికే జానీ వైస్‌ముల్లర్ నాయకుడిగా 'జంగిల్ జిమ్' వరుసలో కొన్ని చిత్రాలు తీసి, ఈ మూసలో చేయి తిరిగినవాడు. ఏనుగుల మందలు బెదిరి ఊళ్ల మీద పడుతుంటాయి. కారణం కనిపెట్టడానికి అమెరికన్ వేటగాడు, రాకుమారి, ఆమె సలహాదారు అడవిలోకి బయలుదేరతారు. వేటగాడు రాడ్ కామెరాన్. భారతీయ రాకుమారిగా నటించింది అమెరికాలోని యూటా రాష్ట్రంలో పుట్టిన మేరీ విండ్సర్. సలహాదారు రామసింగ్‌గా క్యూబా మూలాలున్న సీజర్ రొమేరో నటించాడు. అడవి మనది, ఏనుగులు మనవి, మోతకూలీలు మనవాళ్లు. మాట, నిర్ణయం, ప్రేమ మాత్రం వచ్చినవాళ్లవి.

ఇదంతా తెల్లజాతి అహంకారమని చెప్పి ముగించడం మనకు సుఖం. కానీ అది సగం నిజమే. ఆ చిత్రంలో భాగస్వామి మన దక్షిణాది స్టూడియో. రాజు ఏనుగు మీద, బంటు నేల మీద ఉండే దృశ్యాన్ని మనవాళ్లకు హాలీవుడ్ వచ్చి నేర్పనక్కరలేదు. ఎవరికి పేరుండాలో, ఎవరికి ఉండనక్కరలేదో ఆ చిత్రం కంటే ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడ తీర్మానమైపోయింది. జంగిల్ సినిమా వ్యాకరణమూ కులం వ్యాకరణమూ ఒకదాన్నొకటి చూడగానే గుర్తుపట్టాయి.

ఈ మూసకు మూలపురుషుడైన టార్జాన్ కథనే చూడండి. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో రాసిన ఆ కథలో టార్జాన్ అడవి మనిషి కాడు, ఇంగ్లండు ప్రభువంశంలో పుట్టిన బిడ్డ. తల్లిదండ్రులు పోతే కోతుల మధ్య పెరుగుతాడు. తండ్రి గుడిసెలో దొరికిన బొమ్మల పుస్తకాలు చూసి, గురువు లేకుండానే చదువు నేర్చుకుంటాడు. ఎక్కడ పెరిగినా రక్తం దాగదన్నదే ఆ కథ సారం. పుట్టుకే గుణం అని మనుస్మృతి చెప్పిన మాటను అమెరికన్ పత్రికల పాఠకులకు అర్థమయ్యే భాషలో చెప్పినట్టుంటుంది. ఇప్పుడు మన కథ చూడండి. నిషాదరాజు హిరణ్యధన్వుని కొడుకు ఏకలవ్యుడు కూడా అడవిలో, గురువు ఎదుట లేకుండానే విద్య నేర్చుకున్నాడు. ప్రభువు కొడుకు స్వయంగా నేర్చుకుంటే అది వీరగాథ అయింది. నిషాదుని కొడుకు స్వయంగా నేర్చుకుంటే బొటనవేలు తెగింది. రెండు కథలూ పుట్టుకను బట్టే విద్య అంటున్నాయి.

తెలుగు సినిమా ఈ మూసను మార్చిందా? 1977లో 'అడవి రాముడు', 1985లో 'అడవి దొంగ' జనాన్ని ఉర్రూతలూగించాయి. తెల్ల వేటగాడి స్థానంలో తెలుగు కథానాయకుడు వచ్చాడు. గూడెం మాత్రం అక్కడే ఉంది. నాయకుడు వచ్చేదాకా అన్యాయాన్ని భరించడం, వచ్చాక అతని వెనుక నిలబడి ఆడడం దాని పని. మన్యంలో నిజంగా తిరగబడిన కోయ, కొండదొర, గదబ యోధుల పేర్లు ఎన్ని మన తెరకెక్కాయో లెక్కపెడితే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది.

ఇంతవరకూ ఇది సినిమా చర్చ. దీన్ని కులం చర్చగా మార్చేది మా ఇంట్లో ఆ రాత్రి నవ్వుకున్న ఇద్దరు కుర్రవాళ్ల ధ్రువపత్రాలు. మేము బోయలం. మా మేనల్లుడు కర్ణాటకలో షెడ్యూల్డ్ తెగ. మా అబ్బాయి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'ఎ' గ్రూపు. ఒకే తాత మనవలు. ఒకే దేవుడికి మొక్కుతారు, ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. ఒకడి ఊరి నుంచి ఇంకొకడి ఊరికి పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు.

ఈ తేడా ఎలా వచ్చింది? ఆ సినిమా వచ్చిన 1952లో కౌతాళమూ సిరుగుప్పా మద్రాసు రాష్ట్రంలోని ఒకే బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. సిరుగుప్ప మైసూరు వైపు పోయింది. 1991లో పార్లమెంటు చేసిన సవరణతో కర్ణాటకలో నాయక, బేడ, వాల్మీకి పేర్లు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరాయి. సిరుగుప్ప ఈనాడు ఎస్టీ రిజర్వుడు శాసనసభ స్థానం. ఇటు ఆంధ్రలో వాల్మీకులు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల షెడ్యూల్డ్ ప్రాంతాలలో ఉంటేనే తెగ, రాయలసీమ మైదానంలో ఉంటే వెనుకబడిన కులం. పటం మీద గీసిన గీత మనుషుల చరిత్రను రెండుగా చీల్చింది.

మా పేర్ల చరిత్ర ఇంకా విచిత్రం. బీసీ-ఎ జాబితాలో వాల్మీకి బోయకు పర్యాయపదాలుగా బేదర్, కిరాతక, నిషాది అనే మాటలున్నాయి. కిరాతకం అంటే తెలుగులో క్రూరత్వం. ఆ మాట ప్రభుత్వ జాబితాలో ఒక కులం పేరుగా అచ్చయి ఉంది. రామాయణం పుట్టుక కథలో క్రౌంచపక్షిని కొట్టి శాపం పొందినవాడు నిషాదుడు, శపించినవాడు వాల్మీకి. ఆ ఇద్దరి పేర్లూ ఒకే కులానికి ఒకే వరుసలో తగిలించారు. పక్కనున్న తమిళనాడు విముక్త జాతుల జాబితాలో 'దొంగ బోయ' అన్న పేరు కనిపిస్తుంది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన 1871 నాటి చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. మద్రాసులో 1947లో రద్దయి, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అదే ఏడాది తెర మీద అడవి మనుషుల గుంపు మామత్‌ల వెంట మూటలు మోస్తోంది. చట్టం పోయినా బొమ్మ పోలేదు.

నిజానికి మా పూర్వీకులు ఎవరు? విజయనగర కాలం నుంచి పాలెగాళ్ల దాకా సైన్యాలలో కాల్బలం. ఊళ్లలో తలారులు. మెట్టపొలాల్లో కూలీలు, చిన్నరైతులు. కౌతాళం చుట్టూ అడవి లేదు. నల్లరేగడి, పత్తి, ఉల్లి, మిరప, దిగువ కాలువ నీటి కోసం ఎదురుచూపు ఉన్నాయి. పంట చేతికి రాని ఏడాది, వచ్చినా అప్పు తీరని ఏడాది, ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప కోతకో, బెంగళూరు కట్టడాలకో 'సుగ్గికి' పోతారు. బడి ఈడు పిల్లలు కూడా వెంట పోతారు. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే బాగా వెనుకబడిన మండలాలు ఇక్కడున్నాయంటే కారణం అడవితనం కాదు. నీళ్లు, భూమి, కూలి, బడి లేకపోవడం కారణం.

అయితే ఎస్టీ హోదా కోరినప్పుడు రాజ్యం మమ్మల్ని అడిగేది వీటి గురించి కాదు. 1965లో లోకూర్ కమిటీ పెట్టిన అయిదు ప్రమాణాలే ఈనాటికీ కొలబద్ద. ఆదిమ లక్షణాలు, విశిష్ట సంస్కృతి, భౌగోళిక ఏకాంతం, ఇతర సమాజంతో కలవడానికి జంకు, వెనుకబాటుతనం. ఈ అయిదింటిలో మొదటి నాలుగింటిని ఒక కాగితం మీద రాసి స్టూడియోకు పంపితే జంగిల్ సినిమా కథ తయారవుతుంది. ఊరికి దూరంగా లోయ, వింత ఆచారాలు, పరాయివాళ్లను చూసి పారిపోయే జనం, కాలం ఆగిపోయిన మనుషులు. కమిటీ సభ్యులు సినిమాలు చూసి రాశారని నేననడం లేదు. ఒకే వలస కాలపు చూపు స్టూడియోలోనూ సచివాలయంలోనూ పనిచేసిందని అంటున్నాను.

ఈ కొలబద్ద మనుషుల చేత ఏం చేయిస్తుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక పట్టణంలో ఎస్టీ హోదా కోసం ఊరేగింపు తీశాం. ముందువరుసలో డిగ్రీ చదివే పిల్లలు పులిచారల బట్ట చుట్టుకొని, తలకు ఈకలు కట్టుకొని, చేతుల్లో విల్లంబులు పట్టుకున్నారు. ఆ బట్ట ముందురోజు బజారులో మీటర్ల లెక్కన కొన్నది. ఈకలు నాటకాల సామాను అద్దెకిచ్చే అంగడివి. ఆ వేషాలకు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి తెర మీద ఏనుగుకు తొడిగిన బొచ్చు చూసి నవ్వుతున్నప్పుడు నాకు ఆ పిల్లలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఏనుగును మామత్ చేయడానికి బొచ్చు తొడిగినట్టు, సుగ్గి కూలీ కొడుకును ఆదిమవాసిని చేయడానికి పులిచారలు తొడిగాం. స్టూడియో వాళ్లు టికెట్టు కోసం చేసిన పని, మేము హక్కు కోసం చేశాం. హక్కు కోసం వేషం కట్టించే రాజ్యం ఎంత లజ్జాకరమైనదో, వేషం కడితే తప్ప హక్కు రాదని నమ్మిన నాయకత్వం కూడా అంతే లజ్జాకరం.

ఇక్కడ మన్యం మాట వినాలి. 2017 డిసెంబరులోనూ 2023 మార్చిలోనూ బోయ వాల్మీకులను ఎస్టీలలో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేంద్రానికి సిఫారసు చేసింది. రెండు మార్లూ ఎన్నికలు దగ్గరపడుతున్న కాలమే. ఆదివాసీ సంఘాలు తీవ్రంగా నిరసించాయి. వాళ్ల భయం అకారణం కాదు. రాష్ట్రంలో ఎస్టీలకున్నది 6 శాతం. మైదానంలో లక్షల జనాభా ఉన్న కులం ఆ 6 శాతంలోకి వస్తే, పాడేరు కొండల్లో కాలినడకన బడికి పోయే పిల్లకు మిగిలేదెంత? ఆ ప్రశ్నను మావాళ్లు ఈసడించినప్పుడల్లా నాకు సిగ్గేసింది. మా వెనుకబాటు నిజమే. దాని మూల్యం మాకంటే వెనుకనున్నవాళ్లు చెల్లించాలనడం న్యాయం కాదు.

పైగా ఈ 'ఆదిమ' చూపు అసలు అడవిబిడ్డలకైనా మేలు చేసిందా? నల్లమల చెంచులను 1975లో 'ఆదిమ గిరిజన సమూహం'గా గుర్తించారు. అడవిలో ఉన్నందుకు ఆదిమవాసులన్నారు. అదే అడవిని పులుల అభయారణ్యం చేశాక, అడవిలో ఎందుకున్నారని అడుగుతున్నారు. 2006లో కేంద్రమే 'ఆదిమ' అన్న మాట అవమానకరమని గుర్తించి, ఆ సమూహాలకు 'ప్రత్యేకంగా దుర్బలమైన' అన్న విశేషణం పెట్టింది. 2014లో గిరిజన వ్యవహారాల శాఖ కార్యదర్శి హృషికేశ్ పాండా నేతృత్వంలోని కార్యదళం ఈ అయిదు ప్రమాణాలను మార్చవలసి ఉందని సూచించింది. అయినా పాత కొలబద్ద పక్కకు పోలేదు. పేరులో తప్పు అయిన మాట ప్రమాణంలో ఒప్పు ఎలా అవుతుంది?

కాబట్టి ఈ వ్యాసం బోయలను ఎస్టీలలో చేర్చాలన్న డిమాండుకు మరో మద్దతు ప్రకటన కాదు, వ్యతిరేకతా కాదు. నేను అడుగుతున్నవి మూడు. ఒకటి, 'ఆదిమ లక్షణాలు', 'జంకు' అన్న ప్రమాణాలను తొలగించాలి. భూమి, బడి, వలస, పోలీసు వేధింపులు, పదవుల్లో వాటా వంటి లెక్కకు అందే వాటిని కొలవాలి. రెండు, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఒకే జనాన్ని రెండు రాష్ట్రాలు కలిసి పరిశీలించాలి. సిరుగుప్పలో నిజమైంది కౌతాళంలో అబద్ధం ఎలా అయిందో ఏదైనా ఒక అధికార పత్రం చెప్పాలి. మూడు, ఏ కొత్త సమూహాన్ని చేర్చినా ఇప్పటి ఆదివాసుల 6 శాతం తగ్గకుండా, అదనపు వాటాతో చేర్చాలి. ఈ మూడో మాట మా సంఘాలే ముందుగా, గట్టిగా అనాలి. అప్పుడే పాడేరుకూ కౌతాళానికీ మధ్య సంభాషణ మొదలవుతుంది.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. తెర మీద మూటలు మోసేవాడికి పేరు లేదని మా అబ్బాయి బాధపడ్డాడు. మా వీధి చివర మాదిగవాడ ఉంది. అక్కడి పెద్దమనిషి ఒకరు మా పొలంలో నా చిన్నప్పటి నుంచీ పనిచేశారు. మా ఇంట్లో ఆయన్ని వాడ పేరుతోనే పిలిచేవాళ్లు. ఆయన పోయాక, చావుకు వెళ్లినప్పుడు గోడ మీది ఫొటో కింద చదివి ఆయన పేరు తెలుసుకున్నాను. రాజు ఏనుగు మీద, బంటు నేల మీద అని పైన రాశాను. ఆ బంటు కాళ్ల కింద ఇంకొకరు ఉన్నారని, ఆ ఇంకొకరిని తొక్కినవాళ్లలో మేమూ ఉన్నామని రాయకపోతే ఈ వ్యాసం కూడా ఒక జంగిల్ సినిమానే అవుతుంది. శ్రేణీకృత అసమానత అని అంబేడ్కర్ అన్నది దీన్నే. పై మెట్టును నిందించడానికి ఎదురుచూసే ప్రతివాడికీ కింద ఒక మెట్టు దొరుకుతుంది.

విద్యార్థులకు నేను చెప్పదలిచింది చిన్నదే. పాత జంగిల్ సినిమాలు చూడండి, నవ్వుకోండి. నవ్వుతూనే మూడు ప్రశ్నలు వేయండి. మూటలు మోసేవాళ్ల పేర్లేమిటి? వాళ్ల భాషలో ఒక వాక్యమైనా వినిపించిందా? కథ ముగిశాక వాళ్లు ఏ ఊరికి పోయారు? ఆ తర్వాత ఇవే ప్రశ్నలు మన పాఠ్యపుస్తకానికి, కమిషన్ నివేదికకు, మన సంఘం ఊరేగింపుకు, మన ఇంటికి వేయండి.

తెల్లవారి మేనల్లుడు సిరుగుప్ప బస్సెక్కాడు. ఆ నెలలో ఇద్దరికీ పోటీ పరీక్షల దరఖాస్తులున్నాయి. ఒకడు ఎస్టీ గడిలో, ఒకడు బీసీ-ఎ గడిలో గుర్తు పెట్టాలి. ఏ గడిలో పెట్టినా వాళ్లు వేషం కట్టనక్కరలేకుండా తామున్నట్టుగా నిలబడి హక్కు అడగగలిగే రోజు కోసం మనం పోరాడాలి. ఏనుగును ఏనుగుగానే చూడగల దేశం మనుషులను మనుషులుగా చూడలేదా?